బాపు మోకాలు, చపాతీ కర్ర

మా బాపుకు, అంటే మా నాన్నకు, ఉలికిపాటు లేదు. కనీసం మా ఇంట్లో అందరం అలాగే నమ్ముతూ వచ్చాం. ఒకసారి పక్కింట్లో కుక్కర్ పేలితే సందులో ఉన్నవాళ్లంతా గోల గోలగా బయటికి ఉరికారు. బాపు మాత్రం అన్నంలో పప్పు కలుపుకుంటూ, "ఎవలదో సీటీ ఎగిరినట్టుంది" అని మరో ముద్ద పెట్టుకున్నాడు. దీపావళి పటాకులకు మా సందులో కుక్కలు కూడా మంచాల కింద దూరేవి. ఆయన ఆ పటాకుల మధ్యలోంచే పాన్ తెచ్చుకోవడానికి వెళ్లేవాడు.

ఆ ధైర్యం పుట్టుకతో వచ్చింది కాదు, సాంచాలు నేర్పింది. సాంచా అంటే మరమగ్గం. సూరత్‌లో ఖటోదరా వైపు ఒక షెడ్డులో ఆయన నేను పుట్టకముందు నుంచీ సాంచాలు నడుపుతున్నాడు. అక్కడ రెండు మగ్గాల మధ్య మనిషి అడ్డంగా తిరగడానికి కూడా చోటుండదు. అటు బెల్టు తిరుగుతుంటుంది, ఇటు చక్రం తిరుగుతుంటుంది. ఊరి నుంచి కొత్తగా ఎవరొచ్చినా బాపు నేర్పే మొదటి పాఠం ముడి వేయడం కాదు, కదలకుండా నిలబడటం. "ఏది ఢమ్మన్నా ఎగిరి దుంకొద్దు. దుంకినవా, లుంగీ బెల్టుల పడ్తది, నువ్వు లుంగీ ఎంబడి పోతవ్" అని చెప్పేవాడు. నాడె అని, దారాన్ని ఈ కొసకూ ఆ కొసకూ మోసుకుపోయే కర్ర ముక్క ఉంటుంది, రెండు చివరలా ఇనుప మొనలతో. ఒకనాడు అది సాంచాలోంచి తప్పించుకుని బాపు చెవి పక్క నుంచి వెళ్లి గోడకు గుచ్చుకుందట. ఆయన తల కూడా తిప్పకుండా ముందు స్విచ్చు ఆపాడట. ఈ కథ మా చుట్టాల ఇళ్లలో ప్రతి పెళ్లికీ పేరంటానికీ వినబడేది. మొదట్లో నాడె చెవికి జానెడు దూరం నుంచి పోయింది. నేను పెద్దదాన్నయ్యే సరికి చెవి వెంట్రుకలు రాసుకుంటూ పోతోంది.

అయితే ఆ మనిషికి ఒక బలహీనత ఉంది. తెగిన పోగు కనబడితే ఆగలేడు. తల ఏం ఆలోచిస్తున్నా సరే, చేతులు లేచి వెళ్లిపోతాయి. రింగ్ రోడ్ బస్సులో ముందు సీటులో కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషి కాలర్‌కు వేలాడుతున్న దారం పట్టుకుని తిట్లు తిన్నాడు. మా చుట్టాల పెళ్లిలో అక్షింతలు వేయడానికి స్టేజీ ఎక్కి, అక్షింతలు జేబులో పోసుకుని, పెళ్లికొడుకు కండువా అంచుకు లేచిన పోగును సర్దుతూ నిలబడిపోయాడు. వెనక లైనులో ఉన్నవాళ్లు ఆయన పెళ్లికొడుకుతో ఏదో ముఖ్యమైన సంగతి మాట్లాడుతున్నాడనుకున్నారు. వీడియోలో ఆ ముక్క ఇప్పటికీ ఉంది.

కరోనా వచ్చిన మొదటి ఏడాది సాంచాలు ఆగిపోయాయి, నా కాలేజీ ఫోనులోకి వచ్చింది. నేను సైన్సు గ్రూపు. అంటే మా ఇంట్లో అప్పటికే సగం డాక్టర్ని. రిఫ్లెక్స్ పాఠం విన్నరోజు నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. అమ్మ కళ్లలోకి ఫోను టార్చి కొట్టి కంటిపాప చిన్నదవుతోందో లేదో చూశాను. కూర తాలింపు వేస్తుంటే మొహం ముందు చప్పట్లు కొట్టి రెప్పలు పడుతున్నాయో లేదో చూశాను. రెప్పలు పడ్డాయి, గరిటె కూడా నా మీద పడింది.

"ఏందే నీ లొల్లి?" అంది అమ్మ.

చెప్పాను. వేడి పెనం మీద చెయ్యి పడిందనుకో, ఆ కబురు మెదడు దాకా పోయి, అది ఆలోచించి, జవాబు పంపేసరికి చెయ్యి కాలిపోతుంది. అందుకని వెన్నుపాము మధ్యలోనే నిర్ణయం తీసుకుంటుంది. చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. మంట పుట్టిందని మెదడుకు తర్వాత తెలుస్తుంది.

అమ్మ తాలింపు ఆపి శ్రద్ధగా విన్నది. "గట్లనా? అయితే మనింట్ల నేను వెన్నుపాము, మీ బాపు మెదడు" అంది. నాకు పాఠం చెప్పిన సారు కూడా అంత బాగా చెప్పలేదు. మా ఇంట్లో గ్యాసు అయిపోవడం దగ్గరి నుంచి నన్ను సైన్సులో చేర్చడం దాకా అన్నీ అయిపోయాకే బాపుకు తెలిసేవి.

బాపు మాత్రం నాకు చిక్కలేదు. "నీ పరీక్షలన్నీ మీ అమ్మ మీద చేస్కో" అని గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

రెండో ఏడాది ఆయనకే జ్వరం వచ్చింది. ముందు గదిలో పాత చీర అడ్డం కట్టి, అవతల బాపు, ఇవతల మేము. కంచం చీర కిందుగా జరిపేవాళ్లం. ఆయన మా మీద దగ్గు పడకూడదని చీరకు కూడా దూరంగా, కిటికీ వైపు తిరిగి తినేవాడు. జ్వరం పోయింది, వాసన తిరిగొచ్చింది, డాక్టరు ఇక కలిసి ఉండొచ్చన్నాడు. అయినా బాపు చీర తీయనివ్వలేదు. నేను దగ్గరికెళితే చెయ్యి అడ్డం పెట్టి "ఆడ్నే ఉండు, ఆడ్నే ఉండు" అనేవాడు, బస్సు ఆపుతున్న కండక్టరులాగా.

అలాంటి మనిషి ఒక పొద్దున మంచం దిగబోయి గోడ పట్టుకున్నాడు. రెండడుగులు వేసి మళ్లీ కూర్చున్నాడు. "కాళ్లల్ల దూది వెట్టినట్టున్నది" అని నవ్వాడు. మర్నాటికి నవ్వలేదు. చెప్పు కాలికి ఉందో జారిపోయిందో తెలియడం లేదన్నాడు.

అమ్మ నన్ను వంటింట్లోకి లాగింది. వెనక సందులో ఒకాయన సంగతి ఆమెకు తెలుసు. జ్వరం తగ్గాక ముందు కాళ్లు పోయాయట, తర్వాత చేతులు, ఆ తర్వాత ఊపిరి. పెద్ద దవాఖానకు తీసుకెళ్లారు. ఆయన తిరిగి రాలేదు. మనిషిని చివరిసారి చూపించలేదని ఆయన భార్య ఇంకా ఏడుస్తూనే ఉందని అమ్మ చెప్పింది. చెబుతూ గిన్నె తోముతూనే ఉంది. ఆ గిన్నె అప్పటికే తోమేసిందని నేను అనలేదు.

మా మూల మీది డాక్టరుకు వీడియో కాల్ చేశాం. ఆయన గుజరాతీ, మాతో హిందీలో మాట్లాడతాడు, ఫోను అవసరం లేనంత గట్టిగా. ఊపిరి బాగానే ఆడుతోందా, వేళ్లు కదులుతున్నాయా అని అడిగాడు. ఆడుతోంది, కదులుతున్నాయి. అప్పుడు నాతో చెప్పాడు. కాళ్లు నేలకు ఆనకుండా ఎత్తు మీద కూర్చోబెట్టు. మోకాలి చిప్ప కింద మెత్తగా ఉన్నచోట రబ్బరు లాంటి దానితో టక్కున కొట్టు. కాలు దానంతటదే ముందుకు ఎగిరిందా, అది జ్వరం మిగిల్చిన నీరసం, తిండి పెట్టండి. రెండు మోకాళ్లూ కదలలేదా, నా కోసం చూడకండి, వెంటనే పెద్ద దవాఖానకు తీసుకెళ్లండి. నరాల జబ్బయితే పైకి పాకుతుంది. ఇంకో ఇద్దరిని చూసి మళ్లీ ఫోన్ చేస్తానని పెట్టేశాడు.

పాఠంలో బొమ్మ కింద ఉన్న విషయమే. కానీ బొమ్మలో ఉన్న కాలు మా బాపుది కాదు.

రబ్బరు అంటే మా ఇంట్లో ఉన్నవి హవాయి చెప్పులు ఒక్కటే. నేను ఒకటి తీసుకోగానే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఓసి నీ! కన్నతండ్రిని చెప్పుతోటి కొడ్తవా?"

"డాక్టరే చెప్పిండు గదా అమ్మా."

"చెప్పు అని చెప్పలే, రబ్బరన్నడు."

ఈ చర్చ ఎటూ తేలదని చపాతీ కర్ర తీసి దానికి పాత బనీను ముక్క చుట్టాను. ఇనుప మంచం మీద ఇటుకలు పేర్చినట్టు దుప్పట్లు వేసి బాపును కూర్చోబెట్టాం. కాళ్లు వేలాడాయి. మా గది ఎంత ఇరుకంటే మంచానికీ అమ్మ కుట్టు మిషన్‌కూ మధ్య నేను ఒక్కదాన్నే పడతాను. అక్కడ గొంతుకూర్చున్నాను. బాపు ముక్కు మీదికి మాస్కు లాక్కుని, "దూరం కెళ్లి కొట్టు" అన్నాడు. దూరం నుంచి కొట్టడానికి అది చపాతీ కర్ర, గొడ్డలి కాదు.

కొట్టాను. కాలు కదల్లేదు.

చోటు సరిగా పట్టలేదేమో అని వేలితో తడిమి మళ్లీ కొట్టాను. కదల్లేదు. రెండో మోకాలు. అదీ కదల్లేదు. గోడకు కొట్టినా బనీను ముక్క కొంచెం ఎగిరి ఉండేది.  అమ్మ వైపు చూడలేకపోయాను. ఆమె గాజుల చప్పుడు కూడా వినబడలేదు.

తలెత్తి బాపు మొహం చూశాను. మాస్కు పైన కళ్లు మెరుస్తున్నాయి.

"ఎట్లుంది?" అన్నాడు. "జర గూడ కదల్లే!"

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కర్ర ఎక్కడ వేయాలో తెలియలేదు. ఆయన పాసయ్యాననుకుంటున్నాడు! పిల్ల కర్రతో కొడుతోంది, దవాఖానవాళ్లు చెప్పిన పరీక్ష, అంటే కదలకుండా ఉండాలన్నమాట. షెడ్డులో ఎంతమందికో తాను పెట్టిన పరీక్ష ఇదే కదా. అందుకని తొడ బిగించి, పళ్లు బిగించి, సాంచా ముందు నిలబడ్డట్టు కూర్చున్నాడు.

"కదలాలె! కదల్తెనే మంచిది! కదలకుంటె దవాఖానకు పోవాల్నట!" అని అమ్మ అరిచింది.

"గట్లనా?" అన్నాడు బాపు, నొచ్చుకుని. "ముందుగాల చెప్పొద్దా మరి?"

చెప్పాక ఇంకో ముచ్చట. ఇప్పుడు ఆయన కాలు కదిలించడానికి కంకణం కట్టుకున్నాడు. నేను కర్ర ఎత్తాను, అది ఇంకా గాలిలోనే ఉంది, కాలు లేచిపోయింది.

"బాపూ, తగలకముందే లేస్తే ఎట్ల?"

"తప్పయింది. మళ్ల కొట్టు."

మళ్లీ కొట్టాను. ఈసారి ఆయన దెబ్బ తగిలాక కాసేపు ఆగి, ఆలోచించి, జెండా ఎగరేసినట్టు కాలును నెమ్మదిగా పైకి లేపి, "సరిపాయెనా?" అని అడిగాడు. వేరే రోజైతే నేను కింద పడి దొర్లి నవ్వేదాన్ని.

వదులుగా పెట్టు అంటే వదులుగానే ఉంది అన్నాడు. తొడ మీద చెయ్యి వేస్తే రాయి. కళ్లు మూసుకోమన్నాను. మూసుకుని కనుబొమలు కూడా బిగించాడు. గట్టిగా ఊపిరి వదలమన్నాను, వదల్లేదు, పట్టి ఉంచాడు. ఈ కాలు కదలలేకపోతోందా, ఆయన కదలనివ్వడం లేదా? సగం డాక్టరుకు అది తెలియలేదు. అది తెలిస్తే తప్ప ఇంకేదీ తేలదు. డాక్టరు ఫోన్ చేసేస్తాడు. ఏం చెప్పను?

అమ్మ ఇక చూసింది చాలనుకుని గుడ్డ సంచీ తీసింది. లుంగీ, తువ్వాలు, స్టీలు గ్లాసు, ఫోను చార్జరు ఒక్కొక్కటే అందులో పెట్టసాగింది. అప్పుడు బాపు, ఎవరికీ కాకుండా కిటికీకి చెప్పినట్టు అన్నాడు, "దవాఖానకైతె నేను రాను."

"ఎందుకు రావు?" అంది అమ్మ.

"ఆడికి పోతె మిమ్ముల లోపటికి రానియ్యరు."

ఆయన గొంతులో భయం నేను అదే మొదటిసారి వినడం. నాడె చెవి పక్క నుంచి పోయినా తల తిప్పని మనిషి. ఆ తొడ పొద్దున్నుంచీ ధైర్యంతో బిగుసుకుందనుకున్నాను. సగం భయంతోనే బిగుసుకుంది. నాకు ఏడుపొచ్చింది. మాస్కు ఉంది కాబట్టి ముక్కు ఎగబీల్చడం ఒక్కటి దాచుకుంటే సరిపోయింది.

 అమ్మ సంచీ ఎత్తి చూసింది, ఒక పక్క పట్టీ ఊడి ఉంది. అంత సామానుకు ఆగదని మిషన్‌కు అవతలి వైపు కూర్చుని పట్టీ సూది కింద పెట్టింది. మాస్కులు కుట్టీ కుట్టీ నిద్దట్లో కూడా మిషన్ తొక్కగల మనిషి. ఆ రోజు తొక్కుడు తప్పి, చక్రం వెనక్కి తిరిగి, దారం పుటుక్కున తెగింది.

ఆ చప్పుడు ఎంత? నాకు వినబడను కూడా లేదు. బాపు చేతులు లేచాయి.

"ఇటియ్యి" అన్నాడు.

మిషన్ దారం తెగితే ముడి అక్కర్లేదు, సూదిలో మళ్లీ ఎక్కిస్తే చాలు అని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. ఆయనకు ఎక్కదు. తెగింది అంటే అతకాలి. మంచం మీది నుంచే నా తల మీదుగా మిషన్ వైపు వంగి, రెండు కొసలూ పట్టుకున్నాడు. మాస్కు కిందికి జారింది. నాలుక కొస పెదవుల మధ్య బయటికి వచ్చింది, ముడి వేసేటప్పుడు ఎప్పుడూ వచ్చినట్టే. జబ్బు, దవాఖాన, దూరం, మేము, అన్నీ మరిచిపోయాడు. నా కళ్ల ముందు ఆయన కాలు వదులుగా, చిన్నగా ఊగుతోంది.

కర్ర ఎత్తి టక్కున కొట్టాను.

కాలు ఎగిరి నా గడ్డానికి తగిలింది. తెలుగు పుస్తకాల్లో రిఫ్లెక్స్‌ను ప్రతీకార చర్య అంటారని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నా గడ్డం మీద జరిగింది మాత్రం అచ్చంగా అదే. నేను వెనక్కి విరుచుకుపడ్డాను. నా వెనక మిషన్ ఇనుప స్టాండు. తల దానికి కొట్టుకుంటుందని తెలిసి కళ్లు మూసుకున్నాను. తల మెత్తగా దేనికో తగిలి ఆగింది. కళ్లు తెరిస్తే ఇనుముకూ నా తలకూ మధ్య బాపు అరచెయ్యి ఉంది. వేళ్లకు దారం ఇంకా చుట్టుకునే ఉంది.

"ఎగిరింది!" అని నేను అరిచాను. "అమ్మా, ఎగిరింది!"

"ఇంకోటి?" అంది అమ్మ.

బాపు అప్పటికే ముడి మీదికి తిరిగిపోయాడు. తప్పంతా మాదే అయినట్టు, "ముడి వడకముందే కొడ్తున్నరేంది" అని విసుక్కున్నాడు. ముడి పడగానే అమ్మ, వెన్నుపాము కదా, ఎవరినీ అడగకుండా దారాన్ని కావాలని లాగి తెంపింది. బాపు మళ్లీ వంగాడు. నేను రెండో మోకాలు కొట్టాను, ఈసారి పక్కకు తప్పుకుని. అదీ ఎగిరింది.

డాక్టరు ఫోన్ చేస్తే జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వు సందు చివరి దాకా వినబడి ఉంటుంది. మనసు వేరే పనిలో పడితే కండరం వదులవుతుందని, మేము చేసిందే సరైన పద్ధతని అన్నాడు. రోజూ చూస్తూ ఉండండి, నీరసం పెరిగితే మాత్రం ఆలస్యం చేయొద్దు, గుడ్లు పెట్టండి అన్నాడు. ఫోను పెట్టేసే సరికి అమ్మ సంచీలోంచి స్టీలు గ్లాసు తీసి, దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. పొద్దున్నుంచీ ఆపుకున్నదంతా. బాపు ఆమెను చూసి కంగారుపడి, "కదిలింది గదనే, మళ్ల ఏడుస్తవేంది?" అన్నాడు.

కాళ్లు మెల్లగా తేరుకున్నాయి. సాంచాలు మళ్లీ తిరిగేనాటికి ఆయన ఖటోదరా దాకా నడిచి వెళ్లాడు, దారిలో రెండుచోట్ల చాయ్ పేరుతో కూర్చున్నాడట. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ రోజు సాయంత్రం. చీర తెర తీసేశాం. అమ్మ నా గడ్డానికి పసుపు పెడుతూ బాపు చెయ్యి చూసింది. వేళ్ల కణుపుల మీద తోలు లేచిపోయి ఉంది.

"ఇదెట్లయ్యింది?"

బాపు చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "ఏమో. దారం కోసుకపోయినట్టుంది."

"దారం కాదు బాపూ" అన్నాను. "నా తలకాయ ఇనుముకు తాకకుండ అడ్డం వెట్టినవ్ గదా."

"ఎప్పుడు?" అన్నాడు.

నన్ను ఆట పట్టిస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. లేదు, నిజంగానే అడుగుతున్నాడు.